గుట్ట కింది సమాధులు

నంద్యాల కాలేజీలో చరిత్ర చెప్పే ఎలిజబెత్‌ది రుద్రవరం దగ్గర చిన్న పల్లె. ఆ ఊరి గుట్ట పూర్వం ఏ పాలెగాడి కింద ఉండేదో ఎవరూ తేల్చలేదు. పాత రాజ్యాల ఎల్లలు చూపే, ఎవరైనా దిద్దగలిగే ఆన్‌లైన్ పటంలో మాత్రం చెరో పాలెగాణ్ణి తమవాడని చెప్పుకునే రెండు పార్టీల కార్యకర్తలు రోజూ ఎల్లలు జరిపి, గుట్టను తమ పాలెగాడి రాజ్యంలో కలుపుకొనేవారు.

గుట్ట కింద ఆమె అవ్వాతాతల సమాధులున్నాయి. ఫొటోలు పెట్టి పటంలో చేర్చింది. ఒక పార్టీవాళ్లు తీసేశారు. మళ్లీ చేర్చితే రెండో పార్టీవాళ్లు తీసేశారు.

మొదట తీసేసినవాళ్లలో ఒకడు ఆమె పాత విద్యార్థి సుధీర్. ఆళ్లగడ్డలోని అతని సెల్‌ఫోన్ల అంగడికే వెళ్లింది.

"ఏంది సుధీర్, ఆ సమాధులు నువ్వు చూసినావు గదా?"

"చూసినా మేడం. అవి ఆడుంటే గుట్ట మీవాళ్లదని తేలిపోతాది. మాదీ కాకుండా పోతాది, వాళ్లదీ కాకుండా పోతాది. ఈ ఒక్కదాంట్లో మేమంతా ఒకటే."

మూడోసారి చేర్చబోతే, అబద్ధాలు రాస్తోందని రెండు వైపులా ఫిర్యాదు చేసి ఆమె ఖాతా మూయించారు.

ఈస్టర్‌కు పూలు తీసుకొని పోతే, గుట్ట కింద నేలంతా చదును చేసి, రెండు పార్టీల జెండాలు కట్టిన జీపులు నిలిపి ఉన్నాయి. అవ్వ సమాధి ఏ జీపు కిందుందో ఆమెకు తెలియలేదు. పూలు చేతిలో పట్టుకొనే నంద్యాల బస్సెక్కింది.