బాలిలో మిగిలిపోయిన కాటా

నేను ఒక స్ప్రింగు కాటాను. లోకంలోకి వచ్చేనాటికి నాకున్నవి చేతిలో ఒక ఇనప కొక్కెం, ముఖాన ఒక ముల్లు, సున్నా నుంచి యాభై దాకా అంకెలు, కడుపులో ఒక స్ప్రింగు. పెట్టుబడి అంతే. ఇంత తక్కువతో వ్యాపారం మొదలుపెట్టి సముద్రం దాటిన కాటాలు ఎక్కువ ఉండవని నా అంచనా.

రాజ్‌కోట్‌లో ఒక రేకుల షెడ్డులో నన్ను బిగించారు. లారీ ఎక్కి అనకాపల్లి వచ్చి ఒక కోళ్ల దుకాణంలో పనికి కుదిరాను. కాళ్లు కట్టిన కోడి రెక్కలు కొట్టుకుంటుంటే నా ముల్లు పైకీ కిందికీ ఊగేది. పైకి వెళ్లినప్పటి అంకె దుకాణదారు చదివేవాడు, కిందికి వచ్చినప్పటి అంకె కొనేవాడు చదివేవాడు. ఇద్దరూ నా మీద ఒట్టేసి చెప్పేవారు, ఇద్దరూ చెప్పింది నిజమే. మనుషులకు తూకం మీద నమ్మకం లేక కాదు, ముల్లు నిలబడేదాకా ఆగే ఓపిక లేక తగువులు వస్తాయని అక్కడే తెలుసుకున్నాను.

ఆ దుకాణం మూతపడ్డాక నన్ను కాండ్రేగుల అప్పలస్వామి పట్టుకుపోయాడు. ఆయన బెల్లం వర్తకుడు. రైతులు తెచ్చిన దిమ్మలను మార్కెట్ యార్డులో వేలం పాడి కొని ఒడిశా వైపు పంపేవాడు. ముప్పై ఏళ్లుగా వేలంలో అరిచి అరిచి ఆయన గొంతుకు ఒకటే శ్రుతి మిగిలింది. భార్యను మంచినీళ్లు అడిగినా పక్క వీధిలో ఎవరో ఒకరు చెంబు పట్టుకుని లేచేవారు.

ఆయన భార్య పేరు నూకరత్నం. పెళ్లయి ఇరవై ఎనిమిదేళ్లయినా సింహాచలం దాటి ఎక్కడా రాత్రి నిద్ర చేసి ఎరగదు. ఆమె కోరిక ఒక్కటే, బాలి దీవిలో సముద్రం మధ్య రాతి మీద కట్టిన గుడిని చూడాలి. పెళ్లైన కొత్తలో ఇంట్లో వేలాడిన కేలండర్లో ఆ గుడి బొమ్మ ఉండేదట.

అప్పలస్వామి ఏళ్ల తరబడి వాయిదా వేసి చివరికి ఉగాదికి ముహూర్తం పెట్టాడు. ఆ నాలుగు రోజులూ మార్కెట్‌కు సెలవు. పైగా ఆ వారం బాలిలో బస సగం ధరకే వచ్చింది. బస కుదిర్చిన మనిషితో గంటసేపు బేరమాడి తానే గెలిచానని ఆయన వీధంతా చెప్పుకున్నాడు. అవతలివాడు అంత సులువుగా ఎందుకు ఓడిపోయాడన్నది మాత్రం అడగలేదు.

నన్నెందుకు తీసుకెళ్లాడంటారా? విమానంలో మనిషికి ఇరవై కిలోలే అన్నారు. "ఆళ్ల కాటా ఆళ్లది. మన కాటా మనకుండాల" అని నన్ను పెట్టెలో పడేశాడు. బాలిలో దిగి, కొండ పక్క ఊళ్లో సుకర్ని అనే పెద్దావిడ ఇంటికి చేరగానే ముందు చేసిన పని ఏమిటంటే, వసారా దూలానికి నన్ను వేలాడదీసి పెట్టెలు తూచడం. దారిలో ఎవరైనా ఏమైనా తీశారేమోనని! ఎవరూ ఏమీ తీయలేదు. ఆయన కాస్త నిరాశపడ్డట్టే కనిపించాడు. నేను ఆ దూలానికే ఉండిపోయాను కనుక తర్వాత జరిగిందంతా చూశాను.

మర్నాడు పొద్దున్నే నూకరత్నం చీర మార్చుకుని తయారైంది. అప్పలస్వామి జేబులోంచి పంచాంగం తీశాడు.

"ఈయాల అమాస్య. కొత్త సోటికి బయల్దేరతారేటి?"

"ఈ దేశంలో మన అమాస్య ఎవులికి తెలుసు మావా?"

"దేశం మారితే సెంద్రుడు మారతాడేటి? రేపు ఉగాది. శుబ్బరంగా తలంట్లు పోసుకోని, పచ్చడి తినీసి ఎల్దుం. ఇరవయ్యెనిమిదేళ్లు ఆగినోళ్లం, ఒక్క రోజు ఆగలేమేటి?"

ఆమె ఆగింది. అమావాస్య నాడు ఊరంతా సందడే. వెదురు బొంగులు, కాగితాలతో చేసిన ఇంటెత్తు రాక్షసులను భుజాల మీద మోసుకుంటూ సాయంత్రం జనం ఊరేగింపు తీశారు. దంపతులు గేటు దగ్గర నిలబడి నోరు తెరిచి చూశారు. ఆ సందడిలోనే సుకర్ని వచ్చి తనకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో చెప్పింది.

"టుమారో న్యెపి. నో గో. నో కార్."

"యస్ యస్. కార్ టుమారో. సెవెన్" అన్నాడు అప్పలస్వామి ఏడు వేళ్లు చూపించి.

ఆమె తల అడ్డంగా ఊపింది, చేతులు ఊపింది, ఇక చేసేది లేక నవ్వి వెళ్లిపోయింది.

"ఏటంతాది?" అని అడిగింది నూకరత్నం.

"ఎవులో నేపి అట. రేపొత్తాడట. రానీ, మనకేటి?"

నేపి వచ్చాడు. ఉగాది తెల్లవారేసరికి ఊరు ఊరంతా నోరు మూసుకుంది. ఒక మోటారు సైకిలు మోత లేదు, ఒక రేడియో లేదు. కోళ్లు మాత్రం కూశాయి, వాటికి ఎవరూ చెప్పినట్టు లేదు. అప్పలస్వామి పట్టుపంచె కట్టి, నూకరత్నం కొత్త చీర కట్టి ఏడింటికి గేటు తీశారు. వీధిలో నడుముకు నలుపు తెలుపు గళ్ల గుడ్డలు చుట్టుకున్న కాపలా మనుషులు ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకాయన చేతులు జోడించి, లోపలికి వెళ్లమన్నట్టు చూపించాడు.

"టెంపులండీ బాబూ! సీ టెంపుల్! వైఫ్!" అన్నాడు అప్పలస్వామి.

ఆ గొంతుకు ఎదురింటి కిటికీ తెరుచుకుంది. కాపలా మనిషి కంగారుగా పెదవుల మీద వేలు పెట్టాడు. అప్పలస్వామి ఫోను తీశాడు. నెట్టు లేదు. సుకర్ని వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని వసారాలోకి తెచ్చి, ఒక్కొక్క మాటా విడమరిచి, వేళ్లతో బొమ్మలు గీసి చెప్పింది. అప్పటికి గానీ విషయం తలకెక్కలేదు. న్యెపి అంటే మనిషి కాదు, ఆ రోజు వాళ్ల కొత్త సంవత్సరం. దీవి మొత్తం నిప్పు రాజెయ్యదు, పని చెయ్యదు, గడప దాటదు, గట్టిగా మాట్లాడదు. విమానాలు కూడా దిగవు, లేవవు. మర్నాడు ఉదయం ఆరింటికి గానీ తలుపులు తీయరు. వీళ్ల తిరుగు విమానం అదే ఉదయం తొమ్మిదిన్నరకి. గుడి ఒక దిక్కున గంట దూరం, విమానాశ్రయం ఇంకో దిక్కున గంట దూరం.

గుడి పోయినట్టే.

నూకరత్నం వసారా అరుగు మీద కూలబడింది. గుసగుసగా మొదలుపెట్టింది.

"సవగ్గా వచ్చిందని నెల్లాళ్లు గొప్పలు సెప్పుకున్నావు. ఎందుకు సవకో అడిగేవా? బెల్లం దిమ్మ సవగ్గా ఇత్తే ఇసక కలిపేడేమోనని నాలుగు పక్కలా గోకుతావే! ఇదిగో, ఇసక."

"నాకేటి తెలుసే..."

"ఉష్షు!" అంది ఆమె. గేటు దగ్గర కాపలా మనిషి అప్పటికే తల తిప్పి చూస్తున్నాడు.

అప్పలస్వామికి గుసగుస రాదు. ప్రయత్నించాడు గానీ, ఆయన గుసగుస ఇంకొకరి మామూలు మాటకన్నా పెద్దగా ఉంది. చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇంటికాడైతే నువ్వో అరుపు అరిసేవోడివి, నానో గిన్నె ఇసిరేదాన్ని, అయిపోను. ఇక్కడ రెండూ కుదరవు. ఇను."

ఆయన విన్నాడు. నేను ఎంతోమంది బేరగాళ్లను చూశాను గానీ, ఎదుటివాళ్ల మాట చివరిదాకా వింటున్న అప్పలస్వామిని చూడటం అదే మొదటిసారి.

చెప్పాల్సింది అయిపోయాక ఆమె లేచి పెట్టె తెరిచింది. కొత్త బెల్లం, చింతపండు, కాగితంలో చుట్టిన వేపపువ్వు తెచ్చుకుంది. పెరట్లో మామిడి చెట్టు చూపించి సుకర్నిని సైగతో అడిగితే ఆమె రెండు కాయలు కోసిచ్చింది. ఉగాది పచ్చడికి నిప్పుతో పనే లేదు కదా. చింతపండు నీళ్లు పిసికి, బెల్లం తరిగి, మామిడి ముక్కలు, ఉప్పు, కారం, వేపపువ్వు కలుపుతుంటే సుకర్ని గుమ్మంలో మోకాళ్ల మీద కూర్చుని ప్రతిదీ వాసన చూసింది. గిన్నె అందించబోతే వద్దంది. పొట్ట మీద చెయ్యి పెట్టి, సూర్యుడిని చూపించి, రేపు అన్నట్టు వేలు తిప్పింది. ఆ రోజు ఆమె ఉపవాసం. గిన్నె మీద అరిటాకు మూసి లోపల దాచింది.

ఈ పచ్చడి ఈ రోజే ఎందుకని అడగబోయిందో ఏమో, సుకర్ని నూకరత్నాన్ని వసారా గోడకున్న కేలండర్ దగ్గరకి తీసుకెళ్లింది. ఆనాటి తేదీ కింద ఏదో రాసి ఉంది, పక్కన అంకెలు ఉన్నాయి. నూకరత్నం కళ్లు చిట్లించి చదివింది. చరచరా వచ్చి భర్త జేబులోంచి కొత్త పంచాంగం లాగి మొదటి పేజీ తీసింది. శోభకృత్ నామ సంవత్సరం, శాలివాహన శకం 1945. కేలండర్ మీదా అదే, 1945.

"మావా, ఇలా రా! మన శకమే!"

అప్పలస్వామి రెండు అంకెల మీదా వేలు పెట్టి మార్చి మార్చి చూశాడు.

"ఇదెలాగొచ్చింది ఇక్కడికి?"

"నాకేటి తెలుసు? ఏ కాలంలోనో ఎవులో పడవలో ఏసుకొచ్చుంటారు." ఆమె అప్పటికే నవ్వు ఆపుకుంటోంది. "దేశం మారితే సెంద్రుడు మారడన్నావు గదా. మారలేదు సూడు!"

ఆయనా నవ్వబోయి, గేటు వైపు చూసి, కండువా నోట్లో కుక్కుకున్నాడు.

ఒకే అమావాస్య, ఒకే శకం, ఒకే తొలిరోజు. ఒక ఒడ్డున తలంట్లు పోసుకుని పచ్చడి తిని పంచాంగం వింటారు, ఇంకో ఒడ్డున దీపం వెలిగించకుండా నోరు మూసుకుంటారు. ఏడాదిని ఇలా మొదలుపెట్టిన వాళ్లకి లాభమా, అలా మొదలుపెట్టిన వాళ్లకి లాభమా అని నేను చాలాసేపు ఆలోచించాను. తేల్చడానికి నా దగ్గర తూకపు రాయి లేదు.

మధ్యాహ్నం ఏమీ తోచక అప్పలస్వామి తూకాలు మొదలుపెట్టాడు. కొబ్బరికాయ, పనసకాయ, సుకర్ని గారి చెప్పులు, చివరికి ఆవిడ పుంజు. పాము చర్మంలాంటి తొక్క ఉన్న సలక్ పళ్లను ఆవిడ తోటలోంచి కోసి బుట్టల లెక్కన అమ్ముతుంది. ఒక్కో బుట్టా తూచి వేళ్లతో చూపిస్తే ఒక దానికీ ఇంకో దానికీ మూడు కిలోల తేడా వచ్చింది. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బుట్టల వైపు కోపంగా చూసింది.

పొద్దు వాలాక దీపాలు లేవు. ముగ్గురూ వసారాలో కూర్చున్నారు. అప్పలస్వామి ఎట్టకేలకు గుసగుస నేర్చుకున్నాడు.

"ఆ గుడిలో ఏటుందే? ఎందుకంత?"

"ఏటుందో నాకూ తెలీదు. నువ్వు నాలుగింటికే మార్కెట్‌కి ఎల్లిపోయేవోడివి. నానొక్కదాన్నీ ఆ బొమ్మ సూసుకుంటా కూకునేదాన్ని. సుట్టూరా నీళ్లు, మద్దిన గుడి. మరి పూజారి దీపమెట్టడానికి ఎలా ఎళ్తాడూ అని. పడవా? ఈతా? నిన్నడిగేను. కేలండరోణ్ణి అడుగన్నావు."

"అన్నానేటి?"

"అన్నావు. అది సూద్దుమనే వచ్చేను. అంతే."



తెల్లవారి సరిగ్గా ఆరింటికి ఎక్కడో ఒక మోటారు సైకిలు స్టార్టయింది. ఆ వెనకే ఊరంతా గొంతు విప్పింది. సుకర్ని ఆకు తీసి పచ్చడి నాలుక మీద పెట్టుకుంది. తీపికి తలూపింది, పులుపుకి కన్ను మూసింది, వేపపువ్వు తగలగానే "అదుః!" అని ఎగిరి, మళ్లీ ఇంకో చెంచా తీసుకుంది. కారు వచ్చి గేటు ముందు ఆగింది. అప్పలస్వామి పెట్టెను నా కొక్కేనికి తగిలించాడు. ముల్లు ఇరవై మూడు చూపింది. సుకర్ని ఇచ్చిన సలక్ పళ్లు లోపల ఉన్నాయి.

నూకరత్నం వంగి పళ్లు తీయబోయింది.

"తియ్యకు" అన్నాడు అప్పలస్వామి.

"మూడు కిలోలు ఎక్కువుంది మావా. ఎక్కనిస్తారా?"

"ఇమానం ఎక్కితే కదా తూకం."

ఆమె వంగిన మనిషి వంగినట్టే ఉండి ఆయన్ని చూసింది. మర్నాడు మార్కెట్ తెరుస్తారు. ఉగాది తర్వాతి తొలి వేలానికి ఆయన ముప్పై ఏళ్లలో ఒక్కసారీ తప్పలేదు. ఈ విమానం తప్పితే తిరుగు టిక్కెట్లు చిత్తుకాగితం కింద లెక్క. అదంతా ఆమెకు నాకన్నా బాగా తెలుసు. ఆయన పెట్టె దించి డ్రైవరుతో "టెంపుల్. సీ టెంపుల్. ఫాస్ట్" అన్నాడు, తన అసలు గొంతుతో. ఎదురింటి కిటికీ మళ్లీ తెరుచుకుంది. ఇద్దరూ పరుగున కారెక్కారు. నేను దూలానికే ఉండిపోయాను.

సెలవులకు వచ్చి ఉద్యోగంలో చేరినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. సుకర్ని బుట్టలు మానేసి పళ్లను నాతో తూచి అమ్మడం మొదలుపెట్టింది. ఇక్కడి మాటలు కొన్ని పట్టుబడ్డాయి. తెలుగు మాత్రం ఎనిమిది నెలల పాటు చెవిన పడలేదు. వాళ్లకి గుడి దొరికిందో లేదో తెలియక నా ముల్లు ఊరికే కొట్టుకునేది.

ఒక మధ్యాహ్నం గాజువాక నుంచి తవిటినాయుడు మాస్టారని, అప్పలస్వామికి తెలిసిన ఒకాయన బసకు వచ్చాడు. నన్ను చూడగానే గట్టిగా నవ్వాడు.

"ఇదేనేటి అప్పలస్వామి కాటా! ఆవిడికే ఉంచీమన్నాడు."

సుకర్నికి అర్థమైనా కాకపోయినా ఆయన కథంతా తెలుగులోనే చెప్పాడు. నాకోసమే అనుకున్నాను.

"ఇమానం పోనాది. రెండ్రోజులు ఎయిర్‌పోర్టు కుర్సీల మీద తొంగున్నారట. మార్కెట్లో తొలి సరుకు ఇంకోడు పాడుకుపోనాడు. ఆ పొద్దున్న ఈళ్లు ఎల్లేతలికి గుడి దగ్గిర పోటు. నీళ్లు జనాన్ని దగ్గిరకి రానియ్యలేదు. ఒడ్డునే కూకున్నారు ఇద్దరూ. గంటయ్యేతలికి నీళ్లు తగ్గేయి. తెల్లబట్టలాయన ఒకాయన తలమీద బుట్టెట్టుకోని బండ మీద నడుసుకుంటా ఎల్లిపోనాడట. అంతే. 'నడిసే ఎళ్తాడు మావా!' అని ఆవిడ ఒకటే కేకలట. ఇప్పటికీ అనకాపల్లిలో అందరికీ సెప్తాది."

ఆయన ఒక ఫొటో ఇచ్చాడు. అప్పలస్వామి తీసినది. నూకరత్నం చీర మోకాలిదాకా ఎగదోపి, తడిసిన కాళ్లతో నిలబడి వెనక్కి చెయ్యి చూపిస్తోంది. నోరంతా తెరిచి నవ్వుతోంది. ఆమె చూపిస్తున్న చోట గుడి ఉండాలి. ఆ చోట అప్పలస్వామి బొటనవేలు ఉంది.

తర్వాత మాస్టారు సంచిలోంచి బెల్లం పొట్లం తీశాడు. పైన అప్పలస్వామి చేతిరాత, రెండు కిలోలని. సుకర్ని వ్యాపారస్థురాలైంది కదా, పుచ్చుకున్న వెంటనే తెచ్చి నా కొక్కేనికి తగిలించింది. ఆయన చేతి సరుకు నేను పదేళ్లు తూచాను. రెండంటే రెండే, ముల్లు వెంట్రుకవాసి అటు జరిగేది కాదు. ఈసారి ముల్లు రెండు దాటి ఆగింది. నేనూ ఊగడం ఆపి సరిగ్గా చూసుకున్నాను. రెండు కిలోల వంద గ్రాములు.

మా మార్కెట్లో దాన్ని కొసరు అంటారు. పోయినవి రెండు టిక్కెట్లు, ఒక తొలి వేలం, ఒక కాటా. వచ్చింది వంద గ్రాములు. నా లెక్కలో ఇది లాభమే.