తుడిస్తే పోతుంది

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని చిత్తూరు బస్టాండు వీధిలో అందరికీ తెలుసు. రెండువేల ఏడులో నా డీటీపీ షాపుకు వచ్చేవాళ్లలో ఆ కోపాన్ని లెక్కచేయనిది భారతమ్మ టీచరు ఒక్కతే.

రిటైరయ్యాక ఆమెకు సామెతల పిచ్చి పట్టింది. కూరగాయల మార్కెట్లో, బస్సులో, పెళ్లి పందిట్లో ఎవరి నోట కొత్త సామెత రాలినా చీటీ మీద రాసుకుని శనివారం నా దగ్గరికి వచ్చేది. వాళ్లింట్లో కంప్యూటర్ లేదు. అందుకని నేనే ఒక రీరైటబుల్ సీడీ కొనిపించాను. అందులోని ఫైలు తెరిచి, కొత్త సామెతలు చేర్చి, సీడీలో పాతది చెరిపేసి మళ్లీ రాసివ్వడం నా పని.

మొదటిరోజే చెప్పాను. "ఇది పలక మాదిరి టీచరమ్మా. తుడిచి మళ్లీ రాసుకోవచ్చు."

"తుడిస్తే పాతదంతా పోతుందా?"

"పోతుంది. అందుకే నేను తప్ప ఎవురూ తుడవకూడదు."

ఆ మాటను ఆమె వేదంలాగా పట్టుకుంది. సీడీని పట్టుచీర ముక్కలో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టుకుని తెచ్చేది. మూడేళ్లకు సామెతలు వెయ్యిన్నూట పదిహేనయ్యాయి. ఇంకొక్కటి దొరికితే వెయ్యిన్నూట పదహారు, శుభంగా ఉంటుందని ఆమె ఆశ. ఆ ఒక్కటి మాత్రం ఎక్కడా దొరకలేదు.

దసరా మరునాడు పొద్దున్నే డబ్బాతో, అమ్మవారి కుంకుమ పొట్లంతో వచ్చింది. తిరుపతిలో ఒక సాహిత్య సంఘం వాళ్లు పుస్తకం అచ్చు వేస్తామన్నారట. సీడీ సాయంత్రంలోపల అందకపోతే ఇక ఆ మాట మర్చిపోవాల్సిందే.

సీడీని డ్రైవులో పెట్టాను. గిర్రుగిర్రుమని తిరిగి ఊరుకుంది. మళ్లీ పెట్టాను, మళ్లీ అంతే. బయటికి తీసి తిరగేసి చూస్తే, మెరిసే వైపు గంధం పూసి, మూడు చోట్ల కుంకుమ బొట్లు!

"ఇదేంది టీచరమ్మా?"

"ఆయుధ పూజకు పెట్టినాను. మా ఆయన పలుగుకూ పారకూ పెట్టినాడు, మోపెడుకు నిమ్మకాయ కట్టినాడు. నా మూడేండ్ల కష్టమంతా దీంట్లో ఉండాదే, దీనికి పెట్టకుంటే ఎట్లా?"

నేను తడిగుడ్డ అందుకున్నాను. ఆమె సీడీని లాక్కుని గుండెకు హత్తుకుంది.

"తుడవద్దు! తుడిస్తే పోతుందని నువ్వే చెప్పినావు గదా!"

"ఆ తుడిచేది వేరు, ఈ తుడిచేది వేరు."

"ముప్పై ఏండ్లు తెలుగు చెప్పినాను, తుడిచేదాంట్లో రకాలుంటే నాకు తెలీదా? నీ కంప్యూటర్లో దీని నకలు ఇంగోటి ఉంటుంది గదా, ముందు అది తియ్యి. ఆ పైన దీన్ని తుడుద్దువు."

ఆయుధ పూజకు షాపంతా కడిగించి, కంప్యూటరు మాత్రం ఏం పాపం చేసిందని, ఉన్నదంతా చెరిపించి ఫార్మాట్ కొట్టించింది నేనే.

"లేదు టీచరమ్మా. పండగకు దాన్నీ శుభ్రం చేసినాను. మీ చీటీలు ఉండాయి గదా?"

"అన్నీ సీడీలోకి ఎక్కినాయి గదా అని పాత పేపర్లోడికి వేసేసినాను."

ఇద్దరం మొహాలు చూసుకున్నాం. మూడేళ్ల పని నా వల్లనే పోయిందేమోనని నాకు ఏడుపొచ్చింది. నా ఏడుపు ఎప్పుడూ కోపంగానే బయటికొస్తుంది.

"తప్పు నాదీ ఉండాది, కాదనను. మీరు చేసిందేంది మరి? అద్దానికి బొట్టు పెట్టి, నా మొగం కనపడలేదని ఏడ్చినట్టుండాది!"

అనేశాక నాలుక కరుచుకున్నాను. పెద్దామెను పట్టుకుని అంత మాట అన్నందుకు సిగ్గేసింది. ఆమె మాత్రం కోప్పడలేదు. సీడీలో కనపడీ కనపడని తన మొహాన్నే కాసేపు చూసుకుంది.

"అయితే బొట్టు తుడిస్తే మొగం పోదంటావు."

"పోదమ్మా. ఇంకా బాగా కనపడుతుంది."

ఆమె సీడీని నా చేతికిచ్చి కళ్లు మూసుకుంది. మధ్యలోనుంచి అంచు దాకా మెల్లగా తుడిచాను. గంధం పోయింది, కుంకుమ పోయింది, కాస్త ఎర్రటి నీడ మాత్రం మిగిలింది. డ్రైవులో పెడితే గిర్రుమంది. ఫైలు తెరుచుకుంది. మొదటి సామెత నుంచి చివరిదాకా అన్నీ ఉన్నాయి. నేను ముందు కంప్యూటర్లోకి, ఆ తర్వాత ఇంకో సీడీలోకి ఎక్కించాను. బుద్ధొచ్చింది మరి.

"ఇందాక ఒక మాట అన్నావే, యాడ నేర్చుకున్నావు?" అంది టీచరమ్మ, కళ్లద్దాలు సర్దుకుంటూ.

"యాడా లేదు. కోపంలో వచ్చింది."

"సామెతలన్నీ అట్లా ఎవురికో కడుపు మండి పుట్టినవేలే. రాయి, వెయ్యిన్నూట పదహారు."

ప్రతి సామెత పక్కన అది ఎవరి నోట విన్నదో రాయించడం ఆమెకు అలవాటు. ఆ రోజు నా పేరు నేనే టైపు కొట్టుకున్నాను: లోకేశ్వరి, డీటీపీ షాపు, చిత్తూరు. పెళ్లి శుభలేఖల్లో ఎందరి పేర్లో కొట్టిన వేళ్లు, నా పేరు దగ్గర రెండుసార్లు తప్పు కొట్టాయి.

బస్సుకు బయల్దేరుతూ ఆమె కుంకుమ పొట్లం విప్పి నా నుదుట బొట్టు పెట్టింది. "పెట్టాల్సింది నీకు, అమ్మే. దానికి పెట్టినాను. తుడుసుకోబాక."

"ఎందుకు తుడుసుకుంటాను టీచరమ్మా? తుడిస్తే పోతుంది గదా."