అల్లుడెందుకు ఆగాడు

చమురు బావి తవ్వే రిగ్గు మీదికి పైపులు ఎత్తే యంత్రపు చెయ్యి వచ్చి నెల దాటింది. కొత్త అల్లుడికి చేసినన్ని మర్యాదలు చేయాల్సి వస్తోందని సిబ్బంది దానికి ‘అల్లుడు’ అని పేరు పెట్టారు. దుమ్ము పడితే తుడవాలి, వేడెక్కితే విసరాలి, నూనె మారితే అలుగుతాడు. అయితే వాడు రాకముందు ఆ పైపుల్ని మనుషులే పట్టి బిగించేవారు. ఇరవయ్యారేళ్లు ఆ పని చేసిన డ్రిల్లరుకు కుడిచేతికి మూడు వేళ్లే మిగిలాయి. అందుకే ఎంత వెక్కిరించినా అల్లుడు వెళ్లిపోవాలని ఎవరూ కోరుకోలేదు.

వాణ్ణి నిలబెట్టే పూచీ ఇంజనీరమ్మ మీద పడింది. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమే. ఆమెకు ఇదే మొదటి ఉద్యోగం. వరుసగా డెబ్బై రెండు గంటలు అకారణంగా ఆగకుండా పనిచేస్తే, ఆదివారం సాయంత్రం వచ్చే తనిఖీ అధికారి సంతకం పెడతాడు. లేకపోతే అల్లుణ్ణి పెట్టెలో సర్ది పంపేస్తారు, సోమవారం నుంచి మళ్లీ చేతులే గతి.

అల్లుడు మాత్రం రోజూ పదకొండింటికి ఠంచనుగా ఆగుతున్నాడు.

పైపులు తిరిగే చోటు చుట్టూ పసుపు గీత ఉంది. గీత లోపల మనిషి కనబడితే కెమెరా అన్నిటినీ ఆపేయాలి. అది బొమ్మలు దాచుకోదు, ఎంతమంది కనబడ్డారో అంకె మాత్రం రాసిపెడుతుంది. సోమవారం ‘మనిషి: ఒకరు’ అని రాసింది. మంగళవారమూ అంతే. పరుగెత్తుకెళ్లి చూస్తే అక్కడ పిట్ట కూడా లేదు. అందరికంటే ముందు అక్కడికి చేరేది పక్క క్యాబిన్లో కూర్చునే డ్రిల్లరు. ఆయనా ఎవరూ లేరనే చెప్పాడు. బుధవారం ‘మనుషులు: ఇద్దరు’ అని వచ్చింది. దయ్యం పెళ్లి చేసుకుందని వంటాయన తేల్చేశాడు. రేపటి నుంచి ఇద్దరికి అదనంగా వండాలా అని ఇంజనీరమ్మనే అడిగాడు, ముఖంలో నవ్వు లేకుండా.

ఆమె కెమెరా అద్దం తుడిచింది, తీగలు మార్చింది, పుస్తకంలో చెప్పినవన్నీ చేసింది, చెప్పనివి కూడా రెండు చేసింది. మధ్యాహ్నం మేనేజరు పిలిచి, కెమెరాకు చాదస్తం ఎక్కువైందనీ, దాని చూపు పదును తొమ్మిదో అంకె నుంచి ఐదుకు తగ్గించేస్తే గోల వదులుతుందనీ సలహా ఇచ్చాడు. బొత్తాం మీద నాలుగు నొక్కుళ్ల పని. ఆమె వేలు అక్కడిదాకా వెళ్లింది కూడా. అప్పుడే నాన్న ఫోన్ చేశాడు. ఆయన ముప్ఫై ఏళ్లు బస్సు నడిపి దిగిన మనిషి. విషయమంతా విని ఒక్క మాటే అన్నాడు.

“బ్రేకు ఊరికే పడితే జనం తిడతారు తల్లీ. పడకపోతే తిట్టడానికి జనం ఉండరు.”

ఆమె వేలు వెనక్కి తీసుకుంది.

గురువారం పొద్దున ఆరింటికే స్టూలు వేసుకుని గీత బయట ఒక ఇనుప స్తంభం వెనక కూర్చుంది. ఆరూ పదికి డ్రిల్లరు వచ్చాడు. చంకలోంచి తడి ఓవరాల్ తీశాడు, మెడ నుంచి మడమ దాకా ఒకటే ముక్కగా ఉండే నారింజరంగు బట్ట. గీత బయటే నిలబడి, చెయ్యి చాచి లోపలి రెయిలింగుకు తగిలించి క్యాబిన్లోకి పోయాడు. అక్కడ పంపుల వేడిగాలి బాగా కొడుతుంది. తడిసినంతసేపూ ఓవరాల్ మసిగుడ్డలా వేలాడింది. పదింటికి ఆరింది. పదకొండింటికి గాలి నిండి పొట్ట ఉబ్బింది, కాళ్లు నిలిచాయి, కుడి చెయ్యి పైకి లేచి అల్లుడికి నమస్కారం లాంటిదేదో పెట్టింది.

అల్లుడు ఆగాడు.

డ్రిల్లరు ఒక్క ఉరుకున వచ్చి, ఓవరాల్ లాగి, ఉండచుట్టి, చంకలో దోపి, “ఎవరూ లేరు” అని కేకేశాడు. తిరిగి చూస్తే ఎదురుగా ఇంజనీరమ్మ.

“ఇదేంటి బాబాయ్?”

గీత లోపల బట్టలు ఆరేయకూడదని తెలుసనీ, అల్లుడు ఆగగానే జనం వచ్చి చూస్తారని రోజూ తీసేస్తున్నాననీ ఆయన ఒప్పుకున్నాడు. లాండ్రీకి వేస్తే ఒకసారి ఎవరో బక్కవాడిది ఇచ్చారట, వంగితే వెనక చిరిగిందట. బుధవారం రెండు జతలు ఉతుక్కున్నాడట. అల్లుడు ఆగేది తన బట్టల కోసమని మాత్రం ఆయనకు తట్టనేలేదు.

“అందులో నేను లేనుగదమ్మా. అంత చదువుకున్న మిషను, ఆ మాత్రం తెలీదా?”

“లోపల మనిషున్నాడో లేడో ఊహించడం నేర్పిస్తే, ఏదో ఒకరోజు తప్పు ఊహిస్తుంది బాబాయ్. ఆ రోజు అందులో మీరుంటారు.”

డ్రిల్లరు తన మూడు వేళ్ల చేతితో గడ్డం గోక్కున్నాడు. రిపోర్టులో దయ్యమనే రాసెయ్యమన్నాడు, దయ్యానికైతే ఉద్యోగం పోయే భయం లేదు కదా అని. ఆమె రిపోర్టు కాగితం తీసి తేదీ వేసింది. అది చూసి ఆయనే దిగొచ్చాడు.

“సరే, నా పేరే రాయమ్మా. ఉత్త బట్టలకే ఆగినోడు మనిషికి ఆగడా? అధికారికి నేనే చెబుతా.”

ఆమె ఉన్నదున్నట్టు రాసింది. ఆగినవి నాలుగుసార్లు, నాలుగుసార్లూ యంత్రం తప్పు లేదు. పన్నెండింటికి గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలైంది. ఆ క్షణం నుంచి డ్రిల్లరుకు పట్టపగ్గాల్లేవు. గీత చుట్టూ కాపలా కాశాడు. తువ్వాలు భుజాన వేసుకొచ్చిన వాణ్ణి వెనక్కి పంపాడు. పొట్ట గీత దాటుతోందని వంటాయన్ని రెండడుగులు జరగమన్నాడు.

ఆదివారం మధ్యాహ్నానికి డెబ్బై రెండు గంటలూ నిండాయి. సాయంత్రం అధికారి రిపోర్టు రెండుసార్లు చదివి, ఓవరాల్ ఎవరిదని అడిగాడు. డ్రిల్లరు ముందుకొచ్చి, గొంతు సవరించుకుని, లాండ్రీ సంగతితో సహా అంతా విన్నవించాడు. అధికారి మొదట సంతకం పెట్టాడు, తర్వాతే నవ్వాడు. డ్రిల్లరుకు మందలింపు ఒకటి రాసి, గీతకు దూరంగా బట్టలారేసే తీగ కట్టించమని మేనేజరుకు ఆదేశమిచ్చాడు.

ఎండా గాలీ రెండూ బాగా తగిలే చోటు మేనేజరు గది కిటికీ ముందే దొరికింది. సోమవారం నుంచి ఆయన తల ఎత్తినప్పుడల్లా పద్నాలుగు మంది తలలేని మనుషులు చేతులూపుతున్నారు. పైన అల్లుడు మాత్రం ఆగకుండా పైపులు ఎత్తుతున్నాడు.