ఎవ్వరూ తన్నని కాలు

హరికిషన్ మాస్టరుకు భయమేస్తోంది. ముప్పై ఏళ్లుగా కరాటే నేర్పుతున్న మనిషి, నడుముకు నల్ల బెల్టు చుట్టుకున్న మనిషి, యాభై ఎనిమిదేళ్ల వయసులో, ఆదివారం పొద్దున్నే, పద్మారావు నగర్‌లో ఒక స్కూలు మేడ మీది హాల్లో ఒంటరిగా నిలబడి చంటిపిల్లాడిలా భయపడుతున్నాడు. దేనికయ్యా అంటే, తన సొంత మోకాలికి.

ఎడమ మోకాలు. తొమ్మిదేళ్ల కిందట ఎవరికో తన్ను చూపించబోతే మెలిపడింది. ముందు గుజ్జు చిరిగిందన్నారు, తర్వాత అరిగిందన్నారు. రెండేళ్ల కిందట ఒక డాక్టరు స్కానింగ్ ఫిల్మును వెలుతురుకు అడ్డం పెట్టి చూసి, "నడవండి, తప్పులేదు. ఇంకోసారి మెలిపడిందంటే మాత్రం ఆపరేషనే. ఆ తర్వాత ఈ తన్నులూ గుద్దులూ మర్చిపోవాల్సిందే" అని తేల్చేశాడు. ఆ మాట మాస్టరు ఎవరి చెవినా వేయలేదు. భార్య కల్పలతకు కూడా చెప్పలేదు.

నొప్పి అంటే ఓర్చుకోవచ్చు. ఆ వయసులో నొప్పి లేని మనిషిని ఒక్కణ్ణి చూపించండి. ఆయన్ను భయపెట్టేది కాలు పట్టేయడం. ఉన్నట్టుండి కీలు మధ్య ఏదో అడ్డం పడ్డట్టు కాలు వంగదు, చాచుకోదు. మొన్నామధ్య మోండా మార్కెట్లో కాకరకాయల ముందు అలాగే పట్టేసింది. కదిలితే పడతాడు, కదలకపోతే జనం చూస్తారు. ఏం చేస్తాడు పాపం, పావుగంట సేపు అక్కడే నిలబడి, కొనే ఉద్దేశం లేని కాకరకాయలకు బేరమాడాడు. "ఏంది సారూ, కాకరకాయలకు పెండ్లిచూపులా?" అని అమ్మే ఆవిడ కసిరింది కూడా.

అందుకే హాలుకు అందరికంటే గంట ముందు వస్తాడు. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కడం ఎవరి కంటా పడకూడదు. దిగేటప్పుడు అందర్నీ పంపించి, తాళం వేసే నెపంతో చివర దిగుతాడు. క్లాసు మొదట్లో పిల్లలంతా మోకాళ్ల మీద కూర్చుంటే తాను మాత్రం "నడుం నిటారుగుండాలె" అంటూ వాళ్ల మధ్య తిరుగుతుంటాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందట. మన మాస్టరూ అంతే.

మానేయొచ్చు కదా అని మీరంటారు. అనడం తేలికే. పగలంతా లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఆయన నూరుమంది ఫిట్టర్లలో ఒక ఫిట్టరు. సాయంత్రం ఆ తెల్ల డ్రెస్సు వేసుకుంటేనే మాస్టరు. అది విప్పేస్తే మిగిలేది కాలీడుస్తూ నడిచే ముసలివాడు. ఆ ముసలివాణ్ణి తలుచుకుంటే ఆయనకు మోకాలి కంటే ఎక్కువ భయం.

ఈ రోజు రజిత బ్లాక్ బెల్ట్ టెస్ట్. సీతాఫల్‌మండిలో మాస్టరు వాళ్ల గల్లీ పిల్లే, తొమ్మిదేళ్లప్పుడు వచ్చింది, ఇప్పుడు ఇరవై ఒకటి. వచ్చే నెల నేషనల్స్‌కు సెలక్షన్స్ ఉన్నాయి. బ్లాక్ బెల్ట్ లేకపోతే పెద్దవాళ్ల విభాగంలో పేరు ఇవ్వడానికి లేదు. ఈ క్లాసులో ఒక రూలుంది: బ్లాక్ బెల్ట్ కావాలంటే చివరి బౌటు, అంటే ఎదురెదురుగా నిలబడి ఆడే పోటీ, మాస్టరుతోనే ఆడాలి, రెండు నిమిషాలు. కండలున్న రోజుల్లో మీసం మెలేసి ఆయన పెట్టిన రూలే. ఇప్పుడు ఆయన మెడకే చుట్టుకుంది.

ఎనిమిదింటికి అందరూ వచ్చారు. సీనియర్ తిరుమల్ మ్యాట్లు పరిచాడు. టెస్ట్ అయ్యాక పిల్లలకు పెట్టడానికి కల్పలత ఇడ్లీ గిన్నెలు తెచ్చి వెనక బెంచీ మీద కూర్చుంది. రజిత మిగతా పరీక్షలన్నీ గడగడా ముగించింది. ఇక చివరి బౌటే మిగిలింది.

"రెడీ?" అన్నాడు మాస్టరు. ప్యాంటు కింద మోకాలికి పట్టీ బిగించి ఉంది. ఎప్పట్లాగే ఎడమ కాలు ముందుకు పెట్టి నిలబడ్డాడు. దేవుడా, రెండు నిమిషాలు దాటించు చాలు అనుకున్నాడు.

మొదటి అర నిమిషంలోనే రజిత దాడిని తప్పించుకోబోయి తప్పు చేశాడు. ఒంటి బరువంతా ముందున్న ఎడమ కాలి మీద పడింది. అలాంటప్పుడు ఎదుటివాళ్లు చేయాల్సింది ఒక్కటే, స్వీప్. మడమ దగ్గర అరికాలితో ఒక్క ఊపు ఊపితే ఎంతటివాడైనా మ్యాటు మీద పడతాడు. రజిత కాలు లేచింది. కానీ ఆ కాలు సగం దూరం వచ్చి ఆగి, మళ్లీ కింద వాలింది.

బతికిపోయానని ఊపిరి పీల్చుకోబోతుండగా ఆయనకొకటి గుర్తొచ్చింది. పోయినేడు స్టేట్ ఫైనల్లో ఈ పిల్ల అచ్చం ఇలాగే కాలు లేపి, సగంలో దించేసింది. రెండుసార్లు. ఆ సందు చూసుకుని అవతలి అమ్మాయి కడుపులో తన్ని గెలిచింది. "భయపడ్డవ్ నువ్వు, పిరికిదానివి" అని అందరి ముందూ తిట్టాడు. రజిత కళ్లనీళ్లు పెట్టుకుందే కానీ ఒక్క మాట బదులు చెప్పలేదు.

ఈసారి కావాలనే ఎడమ కాలిని కాచుకోకుండా, బరువంతా దాని మీద వేసి చూశాడు. రజిత కాలు లేచింది. ఆమె చూపు ఒక్క క్షణం ఆయన మోకాలి మీద పడింది. కాలు ఆగిపోయింది.

"స్టాప్!" అన్నాడు మాస్టరు. "ఎందుకాపినవ్?"

రజిత తిరుమల్ వైపు చూసింది. తిరుమల్ మ్యాటు అంచు సర్దుతున్నట్టు వంగిపోయాడు. మిగతా పిల్లలు గోడల వైపు చూస్తున్నారు.

"నేనే చెప్పిన," అంది వెనకనుంచి కల్పలత. లేచి నిలబడింది. "రెండేండ్ల కిందట బీరువల నీ బట్టల కింద ఫిల్ము దొరికింది. ఆ డాక్టర్ దగ్గరికి పోయి అడిగిన. నీకు చెప్తే మానుతవా? మానవు. అందుకే పిల్లలకు దండం పెట్టి చెప్పుకున్న, మీ సార్ ఎడమ కాలి జోలికి పోవద్దు బిడ్డా అని."

"కొత్తగ ఎవరొచ్చినా ఫస్ట్ డే నేనే చెప్త సార్," అన్నాడు తిరుమల్, తలెత్తకుండా.

మాస్టరుకు ముందు సిగ్గేసింది. రెండేళ్లుగా ఇంతమంది కలిసి తనకు తెలియకుండా తనను మోస్తున్నారు. క్లాసులో వాళ్లతో ఆడే ప్రాక్టీసు బౌట్లలో తాను మాత్రం గెలుస్తున్నాననుకుంటున్నాడు. సిగ్గు ఒకెత్తు, ఆ వెనకే వచ్చిన ఆలోచన ఒకెత్తు. ఫైటింగులో పదిమందిలో ఎనిమిదిమంది ఎడమ కాలే ముందు పెట్టి నిలబడతారు. ఆ కాలు తన్నకూడదని రెండేళ్లు అలవాటు చేసుకున్న పిల్లలు ఇక ఎవరిని స్వీప్ చేస్తారు?

"తిరుమల్, ఇటు రా. ఎడమ కాలు ముందర పెట్టు. రజితా, కొట్టు."

రజిత కాలు లేపింది. తిరుమల్ మడమకు జానెడు దూరంలో అది ఆగిపోయింది. మళ్లీ. మళ్లీ ఆగింది. ఐదోసారి కూడా ఆగేసరికి పిల్ల భోరుమంది.

"నేను ఆపుతలేను సార్. అదే ఆగుతుంది."

అంత భయంకరమైన మాట మాస్టరు తన జన్మలో వినలేదు. తన మోకాలు అరిగింది, అది తన ఖర్మ. ఈ పిల్ల కాలికి ఏ రోగమూ లేదు. దాన్ని తానే పాడుచేశాడు. వచ్చే నెల ఈ పిల్లను ఏ మొహం పెట్టుకుని పంపాలి? కాలు గాల్లో ఆగిన ఆ అర క్షణంలో అవతలివాళ్లు ఆగరు. పక్కటెముక విరగొచ్చు, దవడ పగలొచ్చు. అక్కడ తాను పక్కన కుర్చీలో కూర్చుని చూస్తుండాలి.

"ఇంక నెల ఉంది కద సార్, రోజూ నా మీద ప్రాక్టీస్ చేపిస్త," అన్నాడు తిరుమల్.

"నీ కాలు చూసినా గా పిల్లకు నా కాలే యాదికొస్తుంది. చూస్తలేవా?"

ఏం చేయాలో ఆయనకు తెలిసిపోయింది. రజిత ఏ కాలి దగ్గర ఆగడం నేర్చుకుందో ఆ కాలి దగ్గరే ఆ అలవాటు విరగాలి. స్వీప్ తగిలేది మడమకు, మోకాలికి కాదు. కాలు వదులుగా వదిలేసిన మనిషికి ఏమీ కాదు. గాల్లోకి లేచి పడి, అరచెయ్యి మ్యాటుకు కొట్టి లేస్తాడు. అలా పడటం ఆయన ఎన్ని వందలమందికి నేర్పాడో లెక్కలేదు. భయపడి కాలు బిగబట్టిన వాడికే మోకాలు మెలిపడుతుంది. అంటే ఆయన భయపడకూడదు. తొమ్మిదేళ్లుగా మెట్టు మెట్టుకూ భయపడిన మనిషి ఇప్పుడు, ఇంతమంది ముందు, భయపడకూడదు!

వంగి ప్యాంటు మోకాలి పైకి మడిచాడు. పట్టీ విప్పి పక్కన పడేశాడు. చిప్ప చుట్టూ వాచి, పట్టీ అచ్చులు పడి, పక్కకాలితో పోలిక లేకుండా ఉన్న మోకాలు అందరి కళ్లముందుకూ వచ్చింది. ఎవరో చిన్నపిల్ల "అమ్మో" అంది.

"చూడుండ్రి. గిదే. గింత దానికోసం మీతోని దొంగాట ఆడిన."

కల్పలత మ్యాటు మీదికి వచ్చేసింది. "ఏందయ్యా నీ మొండితనం? నీకు చేతులెత్తి మొక్కుత, వద్దు. రేపు లేవలేకపోతే?"

"కల్పా, నాకు సుత భయమైతుంది," అన్నాడాయన. పెళ్లయి ముప్పై మూడేళ్లు, ఆ మాట ఆమెతో అనడం అదే మొదలు. "గుండెకాయ నోట్లెకొచ్చింది. నేను భయపడి దాచిపెట్టిన. నువ్వు భయపడి వాళ్లకు చెప్పినవ్. ఇద్దరం కలిసి గా పిల్ల కాలు పడగొట్టినం. నీది తప్పు అంటలేను. నేను ముందుగాలే చెప్పుంటే నీకు గీ తక్లీఫే లేకపోతుండె."

ఆమె ఒప్పుకోలేదు. అలాగని వెళ్లిపోనూ లేదు. మ్యాటు అంచున కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

మాస్టరు ఎడమ కాలు ముందుకు పెట్టాడు. "కొట్టు."

రజిత కదిలింది. ఆ కదలిక చూడగానే ఆయన తొడ రాయిలా బిగుసుకుంది. వద్దనుకున్నా బిగుసుకుంది. పిల్ల కాలు మడమ దగ్గరికొచ్చి ఆగిపోయింది. ఆమె ఆపకపోయి ఉంటే ఏమయ్యేదో ఆయనకు తెలుసు.

"నాతోని కాదు సార్. ఫెయిల్ చెయ్యుండ్రి నన్ను."

"ఇది నీ తప్పు కాదు, నేనే బిగవట్టిన," అన్నాడాయన. "మోకాలు చూడకు. నా మొఖం చూడు. పోయినేడు నిన్ను పిరికిదానివి అన్ననా లేదా? నలుగుర్ల అన్ననా? ఎవరు పిరికోళ్లో ఇప్పుడు నువ్వే చూడు. నా కాళ్లు ఎట్ల వణుకుతున్నయో చూడు. అయినా నిలబడ్డ. కొట్టు బిడ్డా."

రజిత కళ్లు తుడుచుకుని ఆయన మొహంలోకి చూసింది.

మాస్టరు ఊపిరి వదిలాడు. భయం పోతుందేమోనని చూశాడు. పోలేదు. ఎక్కడికి పోతుంది, ఇన్నేళ్లు ఒంట్లో కాపురం పెట్టినది? దాన్ని అక్కడే ఉండనిచ్చి తొడ వదులు చేశాడు, తర్వాత పిక్క, తర్వాత పాదం. తన కాలు తనది కానట్టు, పరాయి మనిషి చేతికి ఇచ్చేసినట్టు వదిలేశాడు. అంత భయం ఆయన ఎన్నడూ ఎరగడు.

హాలు అదిరేలా అరిచి రజిత కొట్టింది.

కింద నేల లేకుండా పోయింది. పైకప్పు, ఫ్యాను, ట్యూబులైటు గిర్రున తిరిగాయి. అరచెయ్యి దానంతటదే మ్యాటును ఫెళ్లున కొట్టింది. వీపు తగిలింది. కళ్లు తెరిచేసరికి రజిత పిడికిలి ఆయన గుండె మీదికి దూసుకొచ్చి, నేర్పిన చోట, బెత్తెడు పైన నిలిచి ఉంది. ఆ పిడికిలి వెనక పిల్ల మొహం నిండా కన్నీళ్లు. గురి మాత్రం చెదరలేదు.

"పాస్," అన్నాడు మాస్టరు, పడుకునే.

పిల్లలు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ ఆయన కాలి వైపే చూస్తున్నారు. కల్పలత వచ్చి ఆయన పక్కన చతికిలబడింది.

"కాలెట్లుంది?" అంది.

ఏం కాలేదు, మంచిగనే ఉంది అనబోయాడు. అలవాటు కొద్దీ ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"తెల్వదు," అన్నాడు. "ఇంక కదిలిచ్చి చూడలె. భయమైతుంది. నువ్వు జెర పట్టుకో, చూద్దాం."