తొమ్మిదిన్నరకు రావలసిన మనిషి

ఉదయం తొమ్మిదిన్నరకు కాఫీ షాపు తాళంచెవి ఒకరి మెడలోంచి ఇంకొకరి మెడలోకి మారాలి. మారలేదు.

తాళంచెవి ఉన్నది పొడుగు అనే అమ్మాయి మెడలో. రావలసింది ఆమె మేనమామ కూతురు బుజ్జి. ఇద్దరికీ అసలు పేర్లు వేరే ఉన్నాయి. షాపు యజమాని మొదటి రోజే ఎత్తులు చూసి ఈ పేర్లు పెట్టాడు, అవే మిగిలాయి. ఇద్దరూ ఒకే కాలేజీలో కెమిస్ట్రీ చదివారు. డిగ్రీ చేతికొచ్చాక, అసలు ఉద్యోగం దొరికేదాకా అనుకుని ఇక్కడ చేరారు. వేసవి పోయింది, వానలు పోయాయి, ఇంకా ఇక్కడే ఉన్నారు.

ఆ రోజు పదకొండు గంటలకు నది అవతల నీటి పరీక్షల ల్యాబ్‌లో ఇంటర్వ్యూ. ఖాళీ ఒక్కటే. ఇద్దరూ దరఖాస్తు చేశారు. పొడుగుకు పిలుపు వచ్చింది. తనకు రాలేదని బుజ్జి చెప్పింది. పొడుగు షాపు తెరవాలి, తొమ్మిదిన్నరకు బుజ్జి వచ్చి తాళంచెవి తీసుకోవాలి, పొడుగు బస్సెక్కాలి. ముందు రోజు మధ్యాహ్నం కప్పులు తుడుస్తూ ఇద్దరూ అనుకున్న మాట ఇది.

తాళంచెవి విషయంలో ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. షాపు తెరిచి ఉన్నంతసేపు, అది మెడలో ఉన్న మనిషి గడప దాటకూడదు. బయటికి వెళ్లాలంటే కాఫీ మెషిన్ పని తెలిసిన ఇంకొకరి మెడలో వెయ్యాలి. కౌంటర్ మీద పెట్టి వెళ్లడం కుదరదు. ఒకప్పుడు ఇక్కడ పనిచేసిన మనిషి మెషిన్ వేడెక్కుతుండగా సందులోకి వెళ్లి ఫోన్‌లో మాట్లాడుతూ ఉండిపోయాడట, తిరిగొచ్చేసరికి షాపంతా ఆవిరట. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ యజమాని ఈ కథ చెప్తాడు. చెప్పిన ప్రతిసారీ ఆవిరి కాస్త పెరుగుతుంది.

తొమ్మిదిన్నర దాటాక పొడుగు బుజ్జికి ఫోన్ చేసింది. స్విచాఫ్. ఛార్జింగ్ అయిపోయి ఉంటుందనుకుంది. బస్సు దొరకలేదేమో అనుకుంది. మావయ్యకు ఒంట్లో బాగోలేదేమో అని కూడా అనుకుంది. బుజ్జి నాన్న పక్షవాతం వచ్చి మంచం మీద ఉన్నాడు, కాబట్టి ఆ ఆలోచన తప్పు కాదు. బుజ్జి రాదన్న ఆలోచన మాత్రం రాలేదు.

ఇంటికి ఫోన్ చేసింది. అమ్మ ఎత్తింది. వస్తుందిలే, కంగారు పడకు అంది.

కిటికీ పక్క బల్ల దగ్గర కళ్లజోళ్ల షాపాయన రోజూలాగే కూర్చుని ఉన్నాడు. ఆయనకు ఈ ఇద్దరూ బాగా తెలుసు. బుజ్జి వరస కలిపి పొడుగును వదినా అని పిలుస్తుంది. బుజ్జికి అన్నదమ్ములు లేరు. ఈవిడ ఏ అన్నయ్య భార్యమ్మా అని ఆయన ఒకసారి అడిగితే, "పుట్టని అన్నయ్య భార్యండీ. అదృష్టవంతుడు, తప్పించుకున్నాడు" అంది బుజ్జి. ఆ మాట ఆయన చాలా రోజులు అందరికీ చెప్పుకున్నాడు.

పొడుగు గడియారం వైపు చూడటం గమనించి ఆయన కప్పు దించాడు.

"ఆ తాళం నా మెడలో వేసి వెళ్లమ్మా. నేను కూర్చుంటాను."

"మీకు మెషిన్ తెలీదు కదండీ."

"ముట్టుకోను. ఎవరొచ్చినా కళ్లజోడు అమ్మి పంపిస్తాను."

పొడుగు నవ్వింది కానీ తాళంచెవి తియ్యలేదు.

పది గంటలకు యజమానికి ఫోన్ చేసింది. ఆయన కాఫీ గింజలు వేయించే చోట ఉన్నాడు, ఊరికి రెండు గంటల దూరం. ఇంతసేపు ఎందుకాగావు, మూసేసి పో తల్లీ అన్నాడు. బుజ్జి వచ్చేస్తుందండీ అని పొడుగు చెప్పింది. వస్తే బయట నిలబడుతుంది, నువ్వు పో అన్నాడు ఆయన.

మూసెయ్యడం ఒక్క క్షణంలో అయ్యే పని కాదు. బల్లల దగ్గర ఉన్నవాళ్లు తాగడం ముగించాలి. మెషిన్‌లో ఆవిరి వదిలెయ్యాలి, గొట్టం తుడవాలి, పాలు ఫ్రిజ్‌లో పెట్టాలి. కళ్లజోళ్ల షాపాయన కుర్చీలు ఎత్తి బల్లల మీద పెట్టాడు. షట్టర్ దించి తాళం వేసేసరికి పదింబావు అయింది.

వంతెన మీద బస్సు ఆగి ఆగి నడిచింది. పొడుగు ల్యాబ్ చేరేసరికి గేటు మూసి ఉంది.

"పిలిచినవాళ్లంతా లోపలికి వెళ్లిపోయారమ్మా" అన్నాడు కాపలాదారు.

"పది నిమిషాలే కదన్నా ఆలస్యం."

"నాకు గేటు సంగతి చెప్పారు. నిమిషాల సంగతి చెప్పలేదు."

లోపలి నుంచి ఎవరైనా అధికారి బయటికి వస్తే అడుగుదామని పొడుగు గేటు పక్క గోడ మీద కూర్చుంది. అధికారులెవరూ రాలేదు. ఇంటర్వ్యూ అయినవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. వాళ్లలో బుజ్జి ఉంది. జుట్టు ముడి వేసుకుంది. కాళ్లకు షాపులో వేసుకునే రబ్బరు బూట్లు లేవు, ఎత్తు మడమల చెప్పులున్నాయి.

"వదినా, నువ్విక్కడేంటి?"

"నువ్వేంటి?"

పిలుపు తనకూ వచ్చిందని బుజ్జి చెప్పింది. చెబుదామనుకుంటూనే రోజులు గడిచాయంది. ఆ సంగతి తెలిసిన అత్త, అంటే పొడుగు అమ్మ, నిన్న రాత్రి ఫోన్ చేసిందట. పొడుగు మనసు మార్చుకుంది, ఈ ఉద్యోగం వద్దంటోంది, షాపులోనే ఉంటానంటోంది, నువ్వు ధైర్యంగా వెళ్లు అని చెప్పిందట.

"నువ్వు షాపులోనే ఉంటావు కదా, ఇంక తాళంచెవితో పనేముందనుకున్నా" అంది బుజ్జి.

"ఫోన్ ఎందుకు ఆపేశావు?"

బుజ్జి చేతిసంచిని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది.

"నన్ను ఒక్క మాట అడగొచ్చు కదే. నిజంగానే మనసు మార్చుకున్నావా అని."

"అడిగితే లేదంటావేమోనని."

ఇద్దరూ ఒకే బస్సులో వెనక్కి వచ్చారు. పొడుగు ముందు తలుపు దగ్గర నిలబడింది. బుజ్జి వెనక సీట్లో కూర్చుంది. పొడుగు షట్టర్ ఎత్తి, మెషిన్ వేసి, సాయంత్రం వరకు పనిచేసింది.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ ఆరిన బట్టలు మడతపెడుతోంది. తిన్నావా అని అడిగింది. పొడుగు నిలబడే, బుజ్జి చెప్పినవన్నీ నిజమేనా అని అడిగింది.

అమ్మ దేన్నీ కాదనలేదు. అన్నయ్య మంచాన పడ్డాడు, ఆ ఇంట్లో సంపాదించే చెయ్యి ఇంకోటి లేదు అంది. నీకు మార్కులున్నాయి, ఇక్కడ కాకపోతే ఇంకోచోట పిలుస్తారు, దాన్ని ఎవరు పిలుస్తారు అంది. ఇవన్నీ పొడుగుకు తెలిసినవే.

"పొద్దున నేను ఫోన్ చేస్తే వస్తుందిలే అన్నావు."

"అన్నాను."

"రాదని తెలిసే అన్నావు."

అమ్మ దిండు గలీబు మడత విప్పి మళ్లీ పెట్టింది.

"నువ్వు తట్టుకుంటావే. అది తట్టుకోలేదు."

"నేను తట్టుకుంటానని నీకెవరు చెప్పారు?"

పొడుగు ఆ రోజు తినలేదు.

మర్నాడు ఆమె ల్యాబ్‌కు ఫోన్ చేసి ఇంకో అవకాశం అడిగింది. ఫోన్ ఎత్తిన మనిషి చివరిదాకా విని, వీలుకాదని చెప్పాడు. వారం తిరిగేలోగా ఉద్యోగం బుజ్జికి వచ్చినట్టు తెలిసింది. తెలిపింది యజమాని. బుజ్జి షాపుకు వచ్చి ఏప్రన్ ఉతికి మడతపెట్టి ఆయనకు అప్పగించింది. అప్పుడు పొడుగు వెనక గదిలో పాల డబ్బాలు సర్దుతోంది. వదిన లేదా అని బుజ్జి అడగడం ఆమెకు వినిపించింది. పనిలో ఉందమ్మా అన్నాడు యజమాని. బుజ్జి కాసేపు నిలబడి వెళ్లిపోయింది. మీ ఇద్దరికీ ఏమైందని ఆయన తర్వాత అడిగాడు. పాలు రేపటికి చాలవండీ అంది పొడుగు.

బుజ్జి ఒకటో తారీఖున ల్యాబ్‌లో చేరింది. అదే వారం పొడుగు ఇల్లు వదిలి, కాలేజీలో తనతో చదివిన అమ్మాయి గదిలోకి మారింది. వెళ్తున్నానని అమ్మకు చెప్పింది. ఎక్కడికో చెప్పలేదు.

బుజ్జి ల్యాబ్‌లో ఉండే వేళ చూసుకుని మావయ్య దగ్గరికి వెళ్లింది. ఆయన ఏమైందని అడగలేదు. పొడుగు తానున్న వీధి, ఇంటి నంబరు ఆయనకు చెప్పింది.

"మీ అమ్మకి?" అన్నాడు ఆయన. పక్షవాతం వచ్చాక ఆయన మాట నిదానంగా వస్తుంది.

"వద్దు మావయ్యా."

"మళ్లీ చెప్పు" అన్నాడు. ఆమె మళ్లీ చెప్పింది. ఆయన పెదాలు కదుపుతూ బట్టీ పట్టాడు.

ఆ తర్వాత అమ్మ రెండుసార్లు అన్నయ్య ఇంటికి వెళ్లి అడిగింది. బుజ్జి కూడా అడిగింది. ఆయన ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.