పొడుగు చేతుల స్వెట్టరు

మరిది చొక్కాలు మడత పెడుతున్నాను. ఒక్క ముడత కనబడినా ఊరుకోడు. మొన్న కాలరు దగ్గర ఇస్త్రీ సరిగా పడలేదని నా చెయ్యి మెలితిప్పాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా కమిలిపోయింది. "చిన్నవాడు, సర్దుకో. పెళ్ళయితే వాడి చొక్కాలు ఆ వచ్చే అమ్మాయే చూసుకుంటుంది, నీకూ పని తగ్గుతుంది," అన్నాడు మా ఆయన, ఫోన్‌లోంచి తలెత్తకుండా. "ఎక్కడా నోరు జారకు. ఇంటిగుట్టు లంకకు చేటు," అంది అత్తయ్య. ఎండలు మండిపోతుంటే ఈ పొడుగు చేతుల స్వెట్టరు తెచ్చిచ్చింది కూడా ఆవిడే.

నేను క్యాన్సర్ ల్యాబ్‌లో మైక్రోస్కోపు పని చేస్తాను. పెద్దసారు అచ్చువేసే వ్యాసాల్లో నా పేరుండదు గానీ, మీటింగులో టీ మాత్రం నేనే అందించాలి. కణం లోపల కాల్‌రెటిక్యులిన్ అని ఒక ప్రోటీన్ ఉంటుంది. తక్కిన ప్రోటీన్లు తిన్నగా మడతపడేలా చూడటం దాని పని. చాకిరీ అంతా లోపలే. జబ్బుపడ్డ కణానికీ అలాగే చేసిపెడుతుంది. కొన్ని మందులు పడి ఆ కణం చావుకు దగ్గరైనప్పుడు మాత్రం ఇది లోపలి గది వదిలి పైపొర మీదకొచ్చి నిలబడుతుంది. దాన్ని చూసే కాపలా కణాలు వచ్చి ఆ జబ్బుకణాన్ని మింగేస్తాయి, అలాంటివాటిని గుర్తుపట్టడమూ నేర్చుకుంటాయి. అది బయటికి రాలేదా, చాలాసార్లు ఎవరికీ కబురే అందదు. జబ్బు పక్కకి పాకుతూనే ఉంటుంది. నిన్న మైక్రోస్కోపులో కణం అంచున ఆ ప్రోటీన్, మేం పట్టించిన రంగుతో పచ్చగా మెరుస్తుంటే నాకు భయమేసింది. ఒళ్ళంతా చెమట పట్టింది. స్వెట్టరు వల్లే అనుకున్నాను.

బెల్లు మోగింది. మరిదికి ఇవ్వబోయే పిల్ల తల్లి వచ్చింది. లోపలి గదిలో అతను ఈల వేస్తూ తయారవుతున్నాడు. అత్తయ్య కొడుకుని పొగుడుతుంటే ఆవిడ అంతా ఓపిగ్గా వింది. నేను టీ తేగానే కప్పు అందుకోకుండా నా మొహంలోకి చూసింది.

"నువ్వు చెప్పమ్మా. నాకు ఒక్కతే కూతురు. ఈ ఇంట్లో సుఖపడుతుందా?"

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. అత్తయ్య నవ్వు మొహం మీదే ఉంది, కళ్ళలో లేదు. లోపల ఈల ఆగిపోయింది. 'బంగారంలాంటి కుర్రాడండీ' అనమని పొద్దున్నే నాకు చెప్పిపెట్టారు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. మా ఇంట్లో చొక్కాలు మడవడానికి ఇంకో పిల్ల వస్తుంది, నా చేతులు బాగుపడతాయి.

ట్రే కిందపెట్టి, స్వెట్టరు చెయ్యి మోచేతి పైదాకా లాగాను.

"మొన్న మీ కాబోయే అల్లుడి చొక్కాకి ఇస్త్రీ సరిగా కుదరలేదండీ," అన్నాను.