ఎండకముందే వేసిన రంగు

పాత ఇళ్ళకి బయట రంగులు వేయడంలో చెంపమేస్త్రీ తర్వాతే ఎవరైనా. ఆ పేరు అతనికి ఊరికే రాలేదు. గోడ కడిగాక, రంగు డబ్బా మూత తీసేముందు, వెళ్ళి గోడకి చెంప ఆనించి కళ్ళు మూసుకునేవాడు. పసిపిల్లకి జ్వరం చూసినట్టు కాసేపు అలాగే నిలబడేవాడు. చల్లగా తగిలిందా, లోపల ఇంకా నీళ్ళున్నట్టే. "ఉహూ, ఇంకా లేదు" అని వచ్చి కూర్చునేవాడు. ఇంటివాళ్ళు ఎంత గింజుకున్నా బ్రష్ ముట్టేవాడు కాదు.

సున్నం గోడ మరి. సిమెంటు గోడలాంటిది కాదది. నీళ్ళు తాగుతుంది, నిదానంగా వదులుతుంది. అది వదలకముందే పైన కంపెనీ రంగు పూశామంటే, తడి ఒంటి మీద రబ్బరు చొక్కా తొడిగినట్టే. లోపలి నీళ్ళు ఎటు పోతాయి పాపం? రంగుని తోసుకుని బయటికొస్తాయి.

ఇదంతా తెలిసినవాడు. తెలిసే చేశాడు.

లాయరమ్మగారి ఇల్లది. ముచ్చటపడి కొనుక్కుంది. నూరేళ్ళ ఇల్లు. తూర్పు గోడ మీద, కిటికీల పైన, సున్నంతో చేసిన ద్రాక్షతీగ ఈ మూల నుంచి ఆ మూల దాకా పాకి ఉంటుంది. చేసినవాడెవడో కానీ ఆకుల మీద ఈనెలు గోటితో గీశాడు. నిచ్చెనెక్కి దగ్గరగా చూస్తే ఆ గోటి గీత ఇంకా కనబడుతుంది. కడిగిన రోజు మేస్త్రీ దాన్ని చూసి, బ్రష్ పక్కన పెట్టి, మెత్తటి గుడ్డతో తుడిచాడు. అంత ప్రేమగా మొదలెట్టిన పని.

గోడ కడిగిన తొమ్మిదో రోజుకి బజార్లో నాలుగంతస్తుల షాపుల బిల్డింగు పని తగిలింది. అంత పెద్ద పని మేస్త్రీ పుట్టి బుద్ధెరిగాక చెయ్యలేదు. అప్పుడే పరంజా కట్టేశారు, మనుషులు రెడీగా ఉన్నారు. "సోమవారం మీరు రాకపోతే ఇంకొకళ్ళని చూసుకుంటాం" అని వాళ్ళ మేనేజరు పొద్దున్నే ఫోను. మేస్త్రీ ఫోను జేబులో పెట్టుకుని వెళ్ళి తూర్పు గోడకి చెంప ఆనించాడు. నీళ్ళకుండకి ఆనించినట్టు చల్లగా తగిలింది. ఇంకో పది పన్నెండు రోజులైనా కావాలి.

వెనకాల లాయరమ్మ నిలబడి ఉంది. "ఏమంటోందండీ మేస్త్రీగారూ, నా గోడ?"

"ఎండిందమ్మా" అన్నాడు.

అంతే, ఒక్క మాట. నాలుక మీద నుంచి జారిపోయింది. ఆదివారం సాయంత్రానికి గోడంతా లేత పసుపు రంగు, తీగ తెల్లగా, దారిన పోయేవాళ్ళు ఆగి చూసేలా తయారైంది. సోమవారం మేస్త్రీ పరంజా ఎక్కాడు.

రెండు నెలలు తిరగలేదు. గోడకి పొక్కులొచ్చాయి. ముందు శనగగింజంత, తర్వాత రూపాయి బిళ్ళంత, ఆ తర్వాత అరచెయ్యంత. లాయరమ్మ కబురు పెడితే మేస్త్రీ వెళ్ళి ఒక పొక్కుని బొటనవేలితో నొక్కాడు. నీళ్ళు మోచేతి దాకా కారాయి.

"ఇదేంటండీ?" అంది ఆమె.

చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచాడు కూడా. అంతలో పక్కింటాయన గోడ మీంచి తొంగి చూసి "ఇంకేముందమ్మా, పైపు కారుతోంది! మొన్నేగా లోపల కొత్త పైపు వేయించారు" అన్నాడు. మేస్త్రీ నోరు మూసుకున్నాడు.

ఆ పైపు వేసినవాడు ఎవరనుకున్నారు? మేస్త్రీ భార్యకి సొంత తమ్ముడు. ఇతనే తీసుకొచ్చి ఆ ఇంట్లో పని ఇప్పించాడు. వాడు పైపు బిగించిన ప్రతి ఇంట్లోనూ "చుక్క పడదండీ, పడితే నా చెవి కోసేయండి" అనేవాడు. అందుకని అందరూ వాణ్ణి చుక్కపడదు అనే పిలిచేవాళ్ళు. ఇప్పుడు బజార్లో సామాన్ల కొట్టు దగ్గర ఎవడో "చుక్కపడదు కాస్తా చుక్కలు చూపించాడ్రోయ్" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. కొట్టాయన నవ్వలేదు కానీ, హాస్పిటల్లో పైపుల పనికి వాణ్ణి పెట్టుకోవచ్చా అని కాంట్రాక్టరు వచ్చి అడిగినప్పుడు "ఏమోనండీ, ఈమధ్య వాడి చెయ్యి తప్పుతోందంటున్నారు" అన్నాడట. ఆ పని ఇంకొకడికి పోయింది.

బావమరిది లోపలి నుంచి గోడ పగలగొట్టి చూశాడు. పైపు పొడిగా ఉంది. పూడ్చి, ఇంకో మూర అవతల పగలగొట్టాడు. అక్కడా పొడే. రెండుసార్లూ మేస్త్రీ పక్కనే ఉన్నాడు. రెండుసార్లూ రాలిన పెళ్ళల్ని తట్టలోకి ఎత్తాడు.

"బావా, నాకేం అర్థం కావట్లేదు" అన్నాడు వాడు దుమ్ము దులుపుకుంటూ. "కళ్ళకి కనబడట్లేదు కానీ ఎక్కడో కారుతోంది. లేకపోతే ఇన్ని నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి? నువ్వేమో ఎండిన గోడ మీద తప్ప వెయ్యవు. అంటే తప్పు నాదే కదా?"

మేస్త్రీ ఏమన్నాడనుకున్నారు? "అయ్యుంటుంది లేరా, ఎవరికైనా తప్పుతుంది" అన్నాడు. ఆ మాట అన్నాక అతనికి అన్నం సహించలేదు. భార్య "కూర బాగోలేదా?" అంది. "బాగుంది" అన్నాడు. "మరి తినరేం? వాడి సంగతేనా? వాడికి మీరున్నారనే నా ధైర్యం" అందామె. మేస్త్రీ కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

శనివారం పొద్దున్నే బావమరిది సుత్తీ ఉలీ సంచిలో వేసుకుని వచ్చాడు. "రా బావా, బయట నుంచి చూద్దాం. లాయరమ్మ ఒప్పుకుంది."

"బయట నుంచంటే?"

"తీగ దగ్గర. పైపు మలుపు సరిగ్గా దాని వెనకే ఉంది. అది పోతుంది మరి. ఏం చేస్తాం?"

తూర్పు గోడ దగ్గర లాయరమ్మ కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. మొహం వాడిపోయి ఉంది. బావమరిది నిచ్చెనెక్కి, గోటి గీతలున్న ఆకు మీద ఉలి ఆనించాడు. సుత్తి ఎత్తాడు కానీ దెబ్బ వెయ్యలేకపోయాడు. ఇరవై ఏళ్ళుగా గోడలు కొట్టినవాడు!

"దిగరా" అన్నాడు మేస్త్రీ.

"ఏంటి బావా?"

"దిగమన్నానా! నీ పైపులో ఏమీ లేదు. గోడ ఎండలేదు. ఎండకుండానే వేశాను."

లాయరమ్మే ముందు తేరుకుంది. ఆమె వృత్తే అది కదా. "ఎండలేదని మీకెప్పుడు తెలిసింది?"

"ఆ పొద్దున్నేనమ్మా."

"నేను అడిగినప్పుడా, అంతకు ముందా?"

"ముందే."

"నాతో ఏమన్నారు?"

"ఎండిందన్నాను."

"ఎందుకు?"

"షాపుల బిల్డింగు పోతుందని."

బావమరిది నిచ్చెన దిగాడు. ఉలి సంచిలో పడేశాడు. బావ మొహం చూడకుండా వెళ్ళి చేతి పంపు దగ్గర కూర్చున్నాడు.

"గోడ సంగతి తర్వాత చూద్దాం" అంది లాయరమ్మ. "గోకుతారో, మళ్ళీ సున్నమే వేస్తారో, ఎన్ని నెలలు పడుతుందో, అది మీ బాధ్యత. ముందు ఈయన పేరు ఎక్కడెక్కడ పోయిందో అక్కడికెళ్ళి చెప్పి రండి. నాకు చెప్పినట్టే చెప్పండి."

మేస్త్రీ నేరుగా సామాన్ల కొట్టుకే వెళ్ళాడు. అక్కడ నలుగురున్నారు. చెప్పాడు. దాచకుండా మొత్తం చెప్పాడు. కొట్టాయన కళ్ళజోడు పైకి నెట్టి, అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"మేస్త్రీ, నువ్వెంత మంచివాడివయ్యా! బావమరిది కోసం నింద నెత్తిన వేసుకుంటున్నావు."

"కాదయ్యా బాబూ, నేనే..."

"ఊరుకో! నువ్వు ఎండని గోడ మీద వెయ్యడమేంటి? చెవుల్లో పువ్వులు పెడుతున్నావా?"

పక్కనున్నతను అన్నాడు: "అల్లుడంటే ఇలా ఉండాలండీ. మా ఇంట్లోనూ ఉన్నాడొకడు, తినడానికి తప్ప లేవడు."

అందరూ మెచ్చుకున్నారు. ఒకాయన టీ కూడా చెప్పాడు. మేస్త్రీకి ఆ టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి కాలింది. తిట్టి ఉంటే హాయిగా ఉండేది. అబద్ధం చెప్పిన రోజున కూడా ఇంత సిగ్గుగా అనిపించలేదు. వీళ్ళ నమ్మకం తన ముప్పై ఏళ్ళ సంపాదన. దాన్నే అడ్డం పెట్టుకుని బావమరిదిని ముంచాడు. ఇప్పుడు ఒడ్డుకి లాగుదామంటే అదే అడ్డం వస్తోంది.

గ్లాసు కింద పెట్టి, కొట్టాయన చెయ్యి పట్టుకున్నాడు. "కొట్టు కట్టెయ్. నాతో రా."

"ఎక్కడికయ్యా?"

"రా అంటే రా."

లాక్కొచ్చినంత పని చేశాడు. వెనకే మిగతావాళ్ళూ వచ్చారు, వింత చూడ్డానికి. లాయరమ్మ ఇంటి తూర్పు గోడ చివర, ఇంకా పొక్కులు రాని చోట, రంగు నున్నగా మెరుస్తోంది. "ఇక్కడ పైపుందా?" అని అడిగాడు మేస్త్రీ.

"ఇక్కడెందుకుంటుంది? పైపు ఆ మూల కదా" అన్నాడు కొట్టాయన.

"గోడ అవతల స్నానాల గది ఉందా?"

"లేదు."

మేస్త్రీ గీకే రేకు తీసి, జానెడు చదరం కోశాడు. ఒక కొస పట్టుకుని లాగితే రంగు మొత్తం చర్మంలా ఊడి వచ్చింది. వెనక సున్నం పెరుగులా చేతికంటింది. నీటి చార గోడ కిందికి దిగింది. కొట్టాయన వేలు పెట్టి చూశాడు. వేలు వంక చూసుకున్నాడు. తర్వాత మేస్త్రీ వంక చూశాడు. ఆ చూపులో మెచ్చుకోలు లేదు.

"ఛీ" అన్నాడు. "నీ మీద నమ్మకంతో నేను ఆ కాంట్రాక్టరుకి... వాడి నోటి దగ్గర కూడు తీసేశాను కదయ్యా."

"నువ్వు కాదు, నేను" అన్నాడు మేస్త్రీ.

కొట్టాయన అప్పటికే ఫోను తీశాడు. గేటు దాకా నడుస్తూ గట్టిగా మాట్లాడుతున్నాడు: "ఆ పైపుల అబ్బాయిది తప్పు లేదండీ, నేనే తొందరపడ్డాను..." మిగతావాళ్ళు ఒక్కొక్కళ్ళే జారుకున్నారు. ఎవరూ మేస్త్రీకి వెళ్ళొస్తాం అని చెప్పలేదు.

బావమరిది పంపు దగ్గర నుంచి లేచి వచ్చాడు. లోపల తను తవ్విన గుంట పూడ్చాలి, అందుకు ఇసుక తట్ట నెత్తినెత్తుకున్నాడు. నిచ్చెన దారికి అడ్డంగా ఉంది. అక్క పెళ్ళిలో పన్నెండేళ్ళ పిల్లాడిగా మేస్త్రీ వేలు పట్టుకున్నప్పటి నుంచి వాడు అతన్ని బావా అనే పిలిచాడు.

"మేస్త్రీగారూ," అన్నాడు, "కాస్త ఆ నిచ్చెన పక్కకి తీస్తారా?"

మేస్త్రీ తీశాడు.